సముద్రపొడ్డున టెంటుకు మేకులు కాదు, ఇసుక సంచులు

కుక్కను వెంటబెట్టుకుని సూర్యలంక లాంటి తీరంలో టెంటు వేస్తున్నారా? టెంటుతో వచ్చే సన్నటి మేకులకు పొడి ఇసుకలో పట్టు ఉండదు. మూలకో గట్టి గుడ్డసంచి తీసుకోండి. నాలుగైదు కిలోల ఇసుక నింపి మూతి కట్టి, తాడును సంచి నడుముకు బిగించి, అడుగున్నర లోతున పాతి బాగా తొక్కండి. పైన బకెట్ నీళ్లు పోస్తే ఇసుక ఇంకా బిగుస్తుంది. గాలి వచ్చే వైపు మూలలే ముందు కట్టాలి. గుమ్మం అటు పెట్టారంటే టెంటు గాలిపటమే!

కుక్కను మాత్రం టెంటు తాడుకు కట్టొద్దు. పీత కనిపించి ఒక్క గుంజు గుంజితే సంచి కదిలిపోతుంది. దగ్గర్లో సరుగుడు చెట్టుంటే దానికే కట్టండి, అదీ మెడపట్టీకి కాదు, ఛాతీపట్టీకి.

మంచినీళ్లు బరువైన గిన్నెలో పెట్టి, ఇసుక పడ్డప్పుడల్లా మార్చండి. లేకపోతే దాహానికి ఉప్పునీళ్లు తాగేస్తుంది. ముందు వాంతులు, విరేచనాలు. ఎక్కువ తాగితే ప్రాణం మీదికే వస్తుంది.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. కుక్కలు వాసన పట్టి గూళ్లు తవ్వేస్తాయి. ఆ నెలల్లో చీకటి పడ్డాక కట్టు విప్పొద్దు.