పిక్ చేతిలోనే ఉంచి వేళ్లతో మీటండి

గిటారు మీద చరణం వేళ్లతో, పల్లవి స్ట్రమ్మింగ్‌తో (తీగలన్నీ కలిపి మీటుతూ) వాయించే పాటల్లో మధ్యలో పిక్ (తీగలు మీటే చిన్న పలక) కోసం తడుముకోవద్దు. పిక్‌ని బొటనవేలు, చూపుడువేలు మధ్యే పట్టుకుని 6, 5, 4 తీగల్ని (మందపాటి బేస్ తీగలు) దానితో మీటండి. మూడో తీగకి నడిమి వేలు, రెండోదానికి ఉంగరపు వేలు. సి కార్డ్ (కలిసి పలికే స్వరాల పట్టు) పట్టి 5-3-2-3 వరసలో, మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 బీట్ల మీద, బీట్‌కి ఒక్కో తీగ చొప్పున మొదలుపెట్టండి.

పిక్ మొన 3-4 మిల్లీమీటర్లే బయటికి ఉండాలి. ఎక్కువైతే తీగకి తట్టుకుని బేస్ 'టక్కు'మంటుంది, వేళ్ల స్వరాలు దాని కింద మునిగిపోతాయి. అందుకే పిక్ దెబ్బ తగ్గించండి, వేళ్ల బలం పెంచకండి: గట్టిగా లాగితే తీగ ఫ్రెట్లకి (గిటారు మెడ మీది లోహపు కడ్డీలకి) కొట్టుకుని గరగరమంటుంది. పిక్ మందం 0.7 నుంచి 1 మిల్లీమీటరు చాలు. నైలాన్ తీగల గిటారైతే మాత్రం పిక్ పక్కన పెట్టేయండి, ఆ మెత్తని నాదం వేళ్లకే పలుకుతుంది.