నేరం ఒప్పుకున్నాక పడిన శిక్షను సవాలు చేయడం ఎలా?

"ఒప్పేసుకుంటే జరిమానా కట్టి సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు" అన్న మాట నమ్మి పేకాట, చిన్న కొట్లాట కేసుల్లో చాలామంది తల ఊపేస్తారు. రికార్డులో అది శిక్షేనని పాస్‌పోర్టుకో ఉద్యోగానికో వెరిఫికేషన్ వచ్చినప్పుడు తెలుస్తుంది.

మొదట కాగితాలు తెచ్చుకోండి. తీర్పు ఒక్కటే చాలదు. కాపీ అప్లికేషన్ వేసి ఛార్జిషీటు, డాకెట్ షీట్ (కోర్టులో ఏ రోజు ఏం జరిగిందో రాసే కాగితం), మీ జవాబు రాసుకున్న కాగితం సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. కేసు నిలిచేదీ పోయేదీ ఎక్కువగా ఆ జవాబు కాగితం మీదే. సమన్స్ కేసుల్లో, అంటే రెండేళ్లకు మించి జైలు పడని చిన్న నేరాల కేసుల్లో, నిందితుడి మాటలను వీలైనంతవరకు అతను అన్నట్టే రాయాలని బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త క్రిమినల్ విచారణ చట్టం) సెక్షన్ 275 చెబుతుంది. పాత చట్టంలోనూ ఉన్న ఈ నియమం కేవలం లాంఛనం కాదని మహంత్ కౌశల్యదాస్ కేసులో సుప్రీంకోర్టు 1965లోనే తేల్చింది. అచ్చు ఫారంలో ఖాళీలు నింపారా? పదిమందికీ కలిపి ఒకే జవాబు రాశారా? ఆరోపణ మీకు తెలిసిన భాషలో చెప్పారా? మీరు ఒప్పుకున్న సంగతులు నిజంగా ఆ సెక్షన్ కిందికి వస్తాయా? ఒక్కొక్కటీ రాసి పెట్టుకోండి.

తర్వాత దారి. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 416 ప్రకారం ఒప్పుకున్నవారికి శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్నంతవరకే అప్పీలు ఉంటుంది. ఒప్పుకోలే చెల్లదంటే 438 కింద రివిజన్ (కింది కోర్టు ఉత్తర్వు సరిగ్గా ఉందో లేదో చూడమని పై కోర్టును అడిగే పిటిషన్) వేయాలి, సెషన్స్ కోర్టులో గానీ హైకోర్టులో గానీ. ఒకచోట వేశాక అదే మనిషి రెండోచోట వేయడానికి లేదు, కాబట్టి లాయరుతో ముందే తేల్చుకోండి. పాత తీర్పుల్లో ఈ రెండు సెక్షన్లూ సీఆర్‌పీసీ 375, 397గా కనిపిస్తాయి. ప్లీ బార్గెయినింగ్‌లో, అంటే అవతలి పక్షంతో రాజీ కుదుర్చుకుని తక్కువ శిక్షకు ఒప్పుకోవడంతో ముగిసిన కేసు వేరు: అక్కడ సుప్రీంకోర్టుకు స్పెషల్ లీవ్ (ప్రత్యేక అనుమతి) పిటిషన్, హైకోర్టులో రిట్ మాత్రమే మిగులుతాయి.

గడువు సెషన్స్‌లో అప్పీలుకు 30 రోజులు, హైకోర్టులో 60, రివిజన్‌కు 90. కాపీ కోసం పట్టిన రోజులు ఇందులోంచి తీసేస్తారు. దాటితే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద పిటిషన్ వేసి, ఆలస్యానికి కారణం తేదీలతో సహా చూపాలి. "తెలియలేదు" అని ఒక్క ముక్కలో రాస్తే సాధారణంగా నిలవదు. జైలు శిక్ష ఉంటే దాన్ని నిలిపివేయమని అప్పీలో రివిజనో వేసిన రోజే విడిగా అడగండి. లాయరు ఫీజు ఇచ్చుకోలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు.

ఒకటి మనసులో పెట్టుకోండి: రివిజన్ గెలిస్తే కేసు కొట్టేసినట్టు కాదు. చాలాసార్లు మళ్లీ విచారణకే పంపుతారు, సాక్షులు వస్తారు. తప్పు నిజంగానే జరిగి, బెంగంతా ఉద్యోగం గురించే అయితే శిక్ష మీదే అప్పీలు వేసి 1958 ప్రొబేషన్ చట్టం సెక్షన్ 3 (మందలించి వదిలేయడం) లేదా 4 (మంచి నడవడిక షరతు మీద వదిలేయడం) కింద విడుదల కోరడం మేలు. అలా వదిలితే, శిక్ష పడినందువల్ల వచ్చే అనర్హత అంటదని అదే చట్టం సెక్షన్ 12 చెబుతుంది. అయినా దరఖాస్తు ఫారంలో కేసు గురించి అడిగితే మాత్రం దాచవద్దు.