కోళ్ల గూటికి చిన్న తలుపు: నా అనుభవం

పోయిన చలికాలం ఒక్క రాత్రిలో రెండు పెట్టల్ని బావురుపిల్లి ఎత్తుకుపోయింది. పొద్దున్నే గూటి ముందు ఈకలు చూసి ప్రాణం ఉసూరుమంది. వదులుగా ఉన్న గొళ్లేన్ని పంజాతో పైకి లేపేసింది.

పాత తలుపు పీకేసి, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తుతో కొత్తది చేశాను. కోడి దూరాలి, గుడ్ల కోసం నా చెయ్యి అందాలి, అంతే కదా. పల్చటి కోళ్ల వల నమ్మొద్దు, చింపేస్తాయి. అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్ (తీగలు అతికిన గట్టి ఇనుప జాలి) తెచ్చి, మేకులు కాకుండా స్క్రూలు, వాషర్లతో బిగించాను. తలుపు చుట్టూ ఫ్రేము మీదికి అంగుళం ఎక్కుతుంది. సందులో గోరు దూరదు. పైనా కిందా గడియలు, రెండింటికీ స్ప్రింగ్ కొక్కేలు. ముంగిస తవ్వకుండా గడప కింద బండ పరిచాను.

మా నానమ్మయితే గంప కింద కమ్మి, పైన రాయి పెట్టేది. నేనూ చీకటి పడగానే కోళ్లను లెక్కపెట్టుకునే గడియ వేస్తున్నాను.