కారు కడిగాక అద్దాల కింద నీటి చారలు: నాకు పనిచేసిన పద్ధతి

మాది బోరు నీళ్లు. కారు కడిగి శుభ్రంగా తుడిచినా, పది నిమిషాలకు సైడ్ అద్దం సందులోంచి నీళ్లు కారి డోర్ మీద తెల్లచార కట్టేది. మైక్రోఫైబర్ గుడ్డ, హెయిర్ డ్రయ్యర్, కాలనీలో ఓ రౌండ్ తిప్పి రావడం, అన్నీ అయ్యాయి.

చివరికి కంప్యూటర్ దుమ్ము దులిపే 600 వాట్ల చేతి బ్లోయర్ కొన్నాను. దుమ్ము సంచి తీసేసి, మూతి సన్నగా ఉన్నది తగిలించాను. కారును నీడలో పెట్టి, ఆఖరిసారి పైపుతో మెల్లగా నీళ్లు వదిలితే సగం నీరు పొరలా దానంతటదే జారిపోయింది. తర్వాత బ్లోయర్‌ను జానెడు దూరంలో పట్టుకుని ముందు రూఫ్ అంచులు, ఆపైన సైడ్ అద్దాలు. అద్దాన్ని సగం మడిచి ఆ సందులోకి కొడితే గుక్కెడు నీళ్లు బయటికొచ్చాయి, దొంగ అక్కడే ఉన్నాడు! తర్వాత డోర్ హ్యాండిళ్లు, పెట్రోల్ మూత, నంబర్ ప్లేటు. మిగిలిన తడిని గుడ్డతో అద్దేశాను.

కారు మొత్తం దీంతోనే ఆరబెట్టాలంటే మాత్రం చెయ్యి లాగేస్తుంది, దానికి పెద్ద మోటారు కావాలేమో. నాది చిన్న హ్యాచ్‌బ్యాక్. మట్టి నేల మీద వాడకండి, దుమ్మంతా లేచి తడి కారుకే అంటుకుంటుంది.