ఒక చేత్తో మూడు, ఇంకో చేత్తో రెండు దెబ్బలు వేయడం ఎలా?

కుడిచేయి మూడు దెబ్బలు వేసేలోపు ఎడమచేయి సమంగా రెండు వేయాలి. నెల్లూరులో పిలకాయలకు మృదంగం నేర్పుతూ ఇది చెడిపోవడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అందరూ చేసేది ఒకటే: ఒక్కో చేతికి విడిగా నేర్పి, తర్వాత రెంటినీ కలపబోతారు. కలవవు.

సామాను పెద్దగా అక్కర్లేదు. చెక్క బల్ల ఉంటే చాలు. ఎడమచేతి కింద ఒక పుస్తకం పెట్టండి, చప్పుడు తేడాగా వినిపిస్తుంది. తొడ మీద మాత్రం వాయించొద్దు.

ముందు ఒక చిన్న పరీక్ష. రెండు చూపుడు వేళ్లనూ బల్ల మీద ఆనించి, కారు వైపర్లలా ఒకే పక్కకు ఊపండి. వేగం పెంచుతూ పోండి. కాసేపటికి మీ ప్రమేయం లేకుండానే వేళ్లు అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా ఊగడం మొదలుపెడతాయి. 1980లలో స్కాట్ కెల్సో అనే శాస్త్రవేత్త దీన్ని కొలిచి చూపించాడు. కుడిచేతిని ప్రధానంగా ఎడమ మెదడు నడుపుతుంది, ఎడమచేతిని కుడి మెదడు. ఆ రెంటి మధ్య కోట్ల నరాల పోగులతో ఒక వంతెన ఉంది. ఒక చేతికి వెళ్లే ఆజ్ఞ రెండో చేతినీ లాగుతుంది. మూర్ఛ తగ్గించడానికి ఆ వంతెన కోసిన రోగులు రెండు చేతులతో రెండు వేరు బొమ్మలు మనకంటే సులువుగా గీయగలిగారు. మనకు ఆ వీలు లేదు కాబట్టి, రెండు పనులను ఒకే పని చేసెయ్యాలి.

అందుకు నా మందు, మా జిల్లాలోని కావలి ఊరి పేరుతో ఒక మాట: ‘కావలి పో’.

బడిలో చదివిన గురువులు, లఘువులు గుర్తు చేసుకోండి. కా, పో రెండేసి మాత్రలు. వ, లి ఒక్కో మాత్ర. మొత్తం ఆరు. ‘కా’కి రెండు చేతులూ, ‘వ’కి కుడి, ‘లి’కి ఎడమ, ‘పో’కి మళ్లీ కుడి. అంతే, మూడూ రెండూ వాటంతటవే కుదిరిపోతాయి. ఒకటీ రెండూ అని అంకెలు లెక్కపెట్టేవాళ్ల చేతులు తడబడతాయి, నోటితో పలికేవాళ్లవి నిలుస్తాయి. ఒంగోలు పిల్లాడొకడు తన ఊరి పేరు పెట్టమన్నాడు. ఒం, గో రెండూ గురువులే నాయనా, లెక్క తప్పుతుంది!

ఇక అసలు చిక్కు ‘లి’ దగ్గర. ఎడమచేయి అక్కడ ఒంటరిగా పడాలి. కాస్త వేగం పెంచగానే అది జారి ‘వ’తోనో ‘పో’తోనో కలిసిపోతుంది, వైపర్ల వేళ్లలాగే. విచిత్రమేమిటంటే, అలా కలిసిపోయినప్పుడే చేతులకు హాయిగా ఉంటుంది, వచ్చేసిందనుకుంటారు. రాలేదు. కళ్లు మూసుకుని వినండి: నాలుగు చప్పుళ్లు ఉండాలి. మూడే వినిపిస్తే వెంటనే ఆపండి. తప్పును పదిసార్లు వాయిస్తే చేతులు ఆ తప్పునే నేర్చుకుంటాయి. సగం వేగానికి దిగి, గట్టిగా పలుకుతూ మళ్లీ మొదలుపెట్టండి. ‘కా’ని సాగదీయకుండా వదిలేస్తే కూడా ఇదే గతి, దానికి నిండా రెండు మాత్రలు ఇవ్వాలి.

టిక్కు టిక్కుమని తాళం వేసే మెట్రోనోమ్ యాప్ వద్దు. నోరే తాళం.

రోజుకు పది నిమిషాలు చాలు, పడుకునే ముందైతే మరీ మంచిది. నేర్చిన కదలికలను మెదడు నిద్రలోనే గట్టిపరుస్తుంది. నోరు మూసుకున్నా చేతులు ఆగకుండా నడిచిన రోజున చేతులు మార్చండి: ఎడమకు మూడు, కుడికి రెండు. మళ్లీ కావలి నుంచే బయల్దేరాలి, వారం పడుతుంది, విసుక్కోవద్దు.