నాన్న ఇల్లు అమ్మకం ఆగిపోయిందా? ముందు రెండు తేదీలు చూడండి

ఉద్యోగం బెంగళూరులో, నాన్న కట్టించిన ఇల్లు ఊళ్లో. మదనపల్లె, హిందూపురం, కదిరి, పుంగనూరు నుంచి వచ్చి మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాల ఆస్తి కాగితాలు ఏళ్లుగా చూస్తున్నాను. వీలునామా రాయకుండా నాన్న పోయిన ఇళ్లలో వచ్చే చిక్కులు ఇంచుమించు ఒకటే. డెత్ సర్టిఫికెట్, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) ఎలా తీసుకోవాలో మీకు తెలుసనుకుని రాస్తున్నాను. ఇక్కడి వాటాల లెక్క హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాలకే. ముస్లింలకు, క్రైస్తవులకు లెక్క వేరు.

సమస్య: ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ (పోయినవారి కుటుంబ సభ్యుల పేర్లు చూపే పత్రం) కోసం పెట్టిన అర్జీ తహసీల్దార్ ఆఫీసు నుంచి తిరిగొచ్చింది

కారణం చాలాసార్లు పేరే. దస్తావేజులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది. ఒకచోట వెంకటరమణ, ఇంకోచోట వెంకటరమణయ్య. నాన్న బెంగళూరు ఆసుపత్రిలో పోతే మరణం ఇక్కడే నమోదవుతుంది. కాబట్టి దిద్దుబాటు కూడా ఇక్కడే చేయించుకోవాలి, ఊళ్లో సచివాలయం చుట్టూ తిరిగినా పని జరగదు. డెత్ సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజే దస్తావేజు పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి.

సమస్య: నామినీని నేనే కదా, డబ్బు నాదే కదా?

కాదు. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, దాని మీద హక్కు వారసులది. సుప్రీంకోర్టు 1984లో బీమా విషయంలో, 2023లో షేర్ల విషయంలో ఇదే చెప్పింది. 2015 సవరణ తర్వాత జీవిత బీమాలో మాత్రం భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే ఆ డబ్బు వాళ్లకే చెందుతుంది. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కు నలుగురిని నామినీలుగా పెట్టవచ్చు. మంచి సదుపాయమే, కానీ అది వీలునామాకు బదులు కాదు.

సమస్య: అందరి సంతకాలూ ఉన్నాయి, అయినా కొనేవాళ్ల బ్యాంకు లోన్ ఇవ్వనంటోంది

నేను చూసినవాటిలో ఎక్కువ కుటుంబాలను దెబ్బతీసింది ఇదే. కారణం నానమ్మ.

కొడుకు వీలునామా లేకుండా పోతే అతని స్వార్జిత ఆస్తికి మొదటి వరస వారసులు భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి. అవును, తల్లి కూడా. తండ్రి ఈ వరసలో రాడు, కాబట్టి తాతయ్యకు వాటా లేదు, నానమ్మకు ఉంది. భార్యతో, పిల్లలతో సమానంగా ఆమెకూ ఒక వాటా. పిత్రార్జితమైతే లెక్క కాస్త మారుతుంది గానీ, నాన్న వంతుకు వచ్చిన దాంట్లో నానమ్మకు అప్పుడూ వాటా ఉంటుంది.

ఊళ్లో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు అర్జీ పెట్టేటప్పుడు అమ్మ పేరు, పిల్లల పేర్లు రాసి ఇచ్చేస్తారు. నానమ్మ బాబాయి దగ్గర ఉంటుంది కాబట్టి ఎవరికీ గుర్తుకు రాదు. సర్టిఫికెట్ అలాగే వస్తుంది. దాన్ని చూసి అంతా సరిపోయిందనుకుంటారు. కానీ ఆ కాగితం వాటాలు తేల్చదు. దాంట్లో పేరు లేనంత మాత్రాన నానమ్మ హక్కు పోదు.

ఒక కుటుంబం అడ్వాన్సు తీసుకుని, ఆ డబ్బు ఇక్కడి ఫ్లాట్ బుకింగ్‌కు కట్టేసింది. అమ్మ, అక్క, తమ్ముడు ముగ్గురూ సంతకానికి సిద్ధంగా ఉన్నారు. బ్యాంకు లాయరు ఒక్కటే అడిగారు: మీ నాన్నగారు పోయేనాటికి వాళ్లమ్మగారు ఉన్నారా? ఉన్నారు. కొడుకు పోయిన కొన్ని నెలలకు ఆమె పోయారు. ఇంటి మీద అప్పటికే ఆమెకు నాలుగో వంతు వచ్చేసింది. ఆమె వీలునామా రాయలేదు. ఆ పాతిక శాతం ఆమె ముగ్గురు పిల్లల వైపూ చీలింది: అత్తకు పన్నెండో వంతు, బాబాయికి పన్నెండో వంతు, పోయిన పెద్దకొడుకు పిల్లలిద్దరికీ కలిపి పన్నెండో వంతు. కోడలికి ఇందులో ఏమీ రాదు. అంటే ఇంట్లో ఆరో వంతు అత్త, బాబాయిలది. ఆ సంగతి అప్పటిదాకా వాళ్లకే తెలియదు. అమ్మకం ఆగిపోయింది, అడ్వాన్సు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది.

అందుకే మొదట చేయాల్సింది నాన్న మరణ తేదీని, నానమ్మ మరణ తేదీని పక్కపక్కన పెట్టి చూడటం. నానమ్మ ముందే పోయి ఉంటే ఆమె డెత్ సర్టిఫికెట్ ఫైల్లో పెట్టండి, ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. అప్పట్లో నమోదు చేయించకపోతే ఇప్పుడు ఆలస్యపు నమోదుకు ఆంధ్రలో ఆర్డీవో ఉత్తర్వు కావాలి. దానికి సమయం పడుతుంది, బేరం కుదరకముందే మొదలుపెట్టండి.

నానమ్మ ఇప్పటికీ ఉంటే దారి సులువే. అమ్మేటప్పుడు ఆమె కూడా సంతకం చేసి తన వంతు డబ్బు తీసుకోవచ్చు. లేదంటే ఇష్టపడి హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించవచ్చు. తెల్లకాగితం మీద రాయించుకున్నది చెల్లదు. కదలలేని స్థితిలో ఉంటే సబ్‌రిజిస్ట్రార్ ఇంటికే వచ్చే వీలుంది. ఒక్క మాట మాత్రం మనసు పెట్టి వినండి. "ఇక్కడ వేలిముద్ర వెయ్యి నానమ్మా" అని ఊరుకోకండి. నీకు ఇంత వాటా ఉంది, అది వదులుకోమని అడుగుతున్నాం అని స్పష్టంగా చెప్పండి. అది ఆమె ఆస్తి. విషయం తెలియకుండా వేయించిన వేలిముద్రను రేపు అత్త కోర్టులో ప్రశ్నిస్తే దస్తావేజు రద్దయ్యే ప్రమాదం ఉంది. వాటా వదులుకున్నందుకు ఆమె పోషణ చూస్తామని ఒప్పుకుంటే ఆ షరతు దస్తావేజులోనే రాయండి. పోషణ చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయమని అడగడానికి 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం ఆమెకు తోడ్పడేది అప్పుడే.

నాన్న తర్వాత ఆమె కూడా పోయి ఉంటే, ఆమె పేరున కూడా ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆమె వారసులందరూ అమ్మకంలో సంతకం పెట్టాలి లేదా విడుదల దస్తావేజు ఇవ్వాలి. అత్త దగ్గరికి వెళ్లేటప్పుడు కాగితాలతో పాటు లెక్క కూడా తీసుకెళ్లండి. ఆమె వంతు ఎంతో మీరే ముందు చెబితే చాలా గొడవలు మొదలే కావు. అయినా కుదరకపోతే పార్టిషన్ దావా (వాటాలు పంచమని కోరే కేసు) వేయాలి, లేదా దావాకు ముందే లోక్ అదాలత్‌కు వెళ్లి రాజీ చేసుకోవాలి. లోక్ అదాలత్ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు.

అమ్మ బతికి ఉండి, తన పేరున ఇల్లున్న ప్రతి కొడుకూ వీలునామా రాసి పెట్టాలని నేను పట్టుబట్టేది ఇందుకే. అమ్మకు ఇవ్వాలనుకున్నది అందులోనే రాయవచ్చు.

సమస్య: వీలునామా ఉంది, కానీ ఎవరూ ఒప్పుకోవడం లేదు

సాక్షులను చూడండి. ఇద్దరు కావాలి. వివాదం వస్తే కనీసం ఒకరు కోర్టుకు వచ్చి చెప్పాలి. మీరు వీలునామా రాసేటప్పుడు తాతయ్య వయసు స్నేహితులను కాకుండా మీ వయసువాళ్లను పెట్టండి, ఆస్తి అందుకునేవాళ్లను పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించడమే మేలు.

సమస్య: లాయరు ఎవరు, ఎక్కడ?

ఇల్లు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి కోర్టులో పనిచేసే లాయరును పెట్టుకోండి. ఇక్కడి నుంచి ఫోన్లో నడిపిద్దామంటే పాత లింకు డాక్యుమెంట్లు వెతికేవాళ్లు ఉండరు. ఫీజు భారమనుకుంటే కోర్టు ఆవరణలోనే ఉండే మండల న్యాయసేవా కమిటీకి వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టమే చెబుతోంది. అమ్మ పేరున అర్జీ పెట్టండి. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

దత్తత, రెండో పెళ్లి, ఏళ్ల తరబడి జాడలేని అన్నదమ్ముడు లాంటివి అరుదు. అవి ఉంటే మీరే లెక్కలు వేసుకోకుండా కాగితాలన్నీ తీసుకుని నేరుగా లాయరు దగ్గరికి వెళ్లండి.