సీల్ పిల్లల కాలం వస్తోంది, లా హోయా వెళ్లేముందు ఇవి చూసుకోండి

డిసెంబర్ 15 రాగానే శాన్ డియేగోలోని లా హోయాలో చిల్డ్రన్స్ పూల్ బీచ్‌ను మూసేస్తారు. మళ్లీ మే 15 దాకా ఆ ఇసుకలో ఎవరూ కాలు పెట్టకూడదు. హార్బర్ సీల్స్ (సముద్రంలో బతుకుతూ ఒడ్డుకొచ్చి పడుకునే జంతువులు) అక్కడ పిల్లల్ని పెట్టి, పాలిచ్చి పెంచుకునే కాలం అది. సరిగ్గా అప్పుడే క్రిస్మస్ సెలవులు వస్తాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఇంట్లో ఉంటారు, లాస్ ఏంజెలెస్ నుంచో ఫీనిక్స్ నుంచో స్నేహితులు కార్లలో దిగుతారు. అందరినీ మనం మొదట తీసుకెళ్లేది కూడా అక్కడికే. (ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి చాలామంది లా జొల్లా అంటారు. ఇక్కడివాళ్లు లా హోయా అంటారు. దారి అడిగేటప్పుడు పనికొస్తుంది.)

వెళ్లొద్దని నేను చెప్పను. ఊరి మధ్యలో, రోడ్డు పక్కన నిలబడి, ఒక అడవి జంతువు తన పిల్లకు పాలివ్వడం చూడగలగడం మామూలు అదృష్టం కాదు. కాకపోతే ఇన్నేళ్లుగా మావాళ్లనూ తెలిసినవాళ్లనూ తీసుకెళ్తూ గమనించిన సంగతి ఒకటుంది. సీల్ పిల్లకు మనవాళ్ల నుంచి వచ్చే ప్రమాదం అల్లరి కంటే జాలి వల్లే ఎక్కువ.

మా అమ్మది భీమిలి. రెండేళ్ల కిందట ఇక్కడికి వచ్చినప్పుడు చిల్డ్రన్స్ పూల్ చూపించి, పక్కనే ఉన్న షెల్ బీచ్‌కి తీసుకెళ్లాను. అక్కడ రాళ్ల పక్కన ఒక పిల్ల ఒంటరిగా పడుకుని ఉంది. బూడిదరంగు ఒళ్లు, దాని మీద నల్లటి చుక్కలు, మీసాలకు ఇసుక అంటుకుని ఉంది. కళ్ల కింద తడి చారలు. ఉన్నట్టుండి తల ఎత్తి "మా..." అని సాగదీసి పిలిచింది. హార్బర్ సీల్ పిల్లల పిలుపు అచ్చం అలాగే ఉంటుంది. అమ్మ ఆగలేకపోయింది. "ఒరే నాన్నా, అమ్మా అని పిలుస్తోందిరా. పాపం, తల్లి ఏమైపోయిందో, ఏడుస్తోంది చూడు" అంటూ శాలువా తీసి కప్పడానికి బయల్దేరింది.

చెయ్యి పట్టుకుని ఆపాను. అది ఏడవడం లేదమ్మా, సీల్స్ కన్నీళ్లు ముక్కులోకి దిగవు, కంట్లోంచి అలా బయటికే కారిపోతాయి, అని చెప్పాను. తల్లి చేపల కోసం వెళ్లి ఉంటుంది, మనం ఇక్కడ నిలబడితే రాదు, అన్నాను. నమ్మలేదు. "మనూళ్లో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చినప్పుడు లైట్లు వేయొద్దంటారు కదా, అలాంటిదే" అన్నాక మాత్రం వెనక్కి వచ్చింది. పైకెక్కి బెంచీ మీద కూర్చున్నాం. దాదాపు నలభై నిమిషాలు. అప్పుడు నీళ్లలో ఒక గుండ్రటి తల లేచింది, మునిగింది, మళ్లీ ఇంకాస్త దగ్గరలో లేచింది. చివరికి పొట్ట మీద దేకుతూ ఒడ్డుకొచ్చి పిల్ల మూతికి తన మూతి ఆనించింది. వాసన చూసి, గొంతు విని తల్లి తన పిల్లను గుర్తుపడుతుంది. మా అమ్మ ఆ శాలువాలోనే మొహం దాచుకుంది.

ఆ రోజు ఆ పిల్ల చుట్టూ ఒక పదిమంది మూగి ఉంటే ఏమయ్యేది? తల్లి నీళ్లలోంచి చూసి వెనక్కి వెళ్లిపోయేది. మళ్లీ వచ్చేది, మళ్లీ వెళ్లేది. పుట్టినప్పుడు పది కిలోల దాకా ఉండే ఈ పిల్లలు నాలుగు నుంచి ఆరు వారాల్లో బరువు రెట్టింపు చేసుకోవాలి. ఆ పాలల్లో దాదాపు సగం కొవ్వే. తల్లి పాలివ్వడం ఆ కొద్ది వారాలే. ఆ తర్వాత పిల్ల తన తిండి తానే వెతుక్కోవాలి. కాబట్టి ఒక పూట పాలు తప్పినా ఆ లోటు చిన్నది కాదు. గుంపు కదలకపోతే తల్లి పూర్తిగా వదిలేసిపోయే ప్రమాదమూ ఉంది.

ఎంత దూరం

సీల్స్‌కూ, వాటిలాగే ఉండే సీ లయన్లకూ కనీసం 50 గజాల దూరంలో ఉండమని అమెరికా ప్రభుత్వ సముద్ర విభాగం నోవా చెబుతుంది. మనకు గజాల లెక్క కొత్త కాదు కదా. రెండు క్రికెట్ పిచ్‌లు వరసగా పరిచి, ఇంకో ఆరు గజాలు కలపండి. ఇంకో సులువు ఉంది: చెయ్యి పూర్తిగా చాపి బొటనవేలు అడ్డంగా పెట్టి, ఒక కన్ను మూసి చూడండి. సీల్ మొత్తం వేలి వెనక దాక్కుంటే దూరం సరిపోయినట్టు. వేలి పక్కనుంచి కనిపిస్తుంటే వెనక్కి జరగండి.

చిల్డ్రన్స్ పూల్ దగ్గర పైన రెయిలింగ్ పక్కన నిలబడితే ఇంతకంటే దగ్గరగానే కనిపిస్తాయి. అక్కడ నిలబడటం తప్పు కాదు, పైన తిరిగే మనుషులకు అవి అలవాటుపడ్డాయి. అలవాటు లేనిది హఠాత్తుగా వచ్చే శబ్దానికి. పిల్లల్ని రెయిలింగ్ ఎక్కనివ్వకండి, ఈలలు, చప్పట్లు వద్దు, స్పీకర్లో వీడియో కాల్ వద్దు. ఇండియాలో ఉన్న తాతయ్యకు చూపించాలనిపిస్తే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

దూరం సరిపోయిందో లేదో అసలు చెప్పేది సీల్సే. నిబ్బరంగా ఉన్న సీల్ తలా తోకా పైకెత్తి అరటికాయలా వంగి పడుకుంటుంది. మొదటిసారి చూసినవాళ్లు నొప్పితో మెలికలు తిరుగుతోందనుకుంటారు, అది దాని సుఖం. ఒకటి తలెత్తి మీ వంకే చూస్తోందంటే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చేశారు. రెండు మూడు తలలు లేచాయంటే ఆగిపోయి, మెల్లగా వెనక్కి రండి. ఇంకో అడుగు ముందుకేస్తే గుంపంతా బెదిరి నీళ్లలోకి దూకుతుంది. ఆ తొక్కిసలాటలో చిన్నపిల్లలు పెద్దవాటి కింద నలుగుతాయి, తల్లీపిల్లా విడిపోతాయి. అవి ఒడ్డుకొచ్చేదే ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికి, నిద్రపోవడానికి. బెదిరిన ప్రతిసారీ ఆ విశ్రాంతి పోతుంది.

చిల్డ్రన్స్ పూల్‌లో అలలకు అడ్డంగా ఉన్న గోడ సంగతి కూడా చెప్పాలి. ఊళ్లో పిల్లలు అలల భయం లేకుండా ఈత కొట్టాలని ఎలెన్ బ్రౌనింగ్ స్క్రిప్స్ అనే ఆవిడ డబ్బిచ్చి 1931లో కట్టించారు. ఆ గోడ చాటున నీళ్లు నెమ్మదిగా ఉంటాయి కాబట్టే 1990లలో సీల్స్ అక్కడ స్థిరపడ్డాయి. చలికాలంలో పెద్ద అలలు ఆ గోడ దాటి పడతాయి, మనిషిని లాక్కుపోగలవు. గోడ మీదికి దారి మూసి ఉంటే ఆ గొలుసు దాటొద్దు. తెరిచి ఉన్నా, తడిగా ఉన్న రోజు పెద్దవాళ్లను తీసుకెళ్లకండి. ఇసుకరాయి కొండ అంచులు కూడా నమ్మదగ్గవి కావు, కాలి కింద పెళుసుగా విరుగుతాయి. సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవడం అసలే వద్దు.

ఫిబ్రవరి, మార్చిలో వెళ్తే కాన్పు కూడా కళ్లపడొచ్చు. ఇసుక మీద రక్తం, మాయ కోసం కొట్టుకునే సముద్రపు కాకులు. చిన్నపిల్లలకు కార్లోనే ఒక మాట చెప్పి తీసుకెళ్లడం మంచిది, లేకపోతే భయపడి కేకలు పెడతారు. డిసెంబర్‌లో కనిపించేవి చాలావరకు చూడితో ఉన్నవే, వాటికీ ఈ ప్రశాంతత అంతే అవసరం.

సీ లయన్ అయితే లెక్క వేరు

కాస్త ముందుకు నడిస్తే లా హోయా కోవ్ వస్తుంది. అక్కడ మొరుగుతూ, ముందు రెక్కల మీద లేచి నడిచేవి సీ లయన్లు. బయటికి కనిపించే చిన్న చెవులుంటాయి. హార్బర్ సీల్‌కి చెవి తమ్మెలుండవు, నేల మీద గొంగళిపురుగులా పాకుతుంది. తేడా తెలియడం ఎందుకంటే, సీల్ బెదిరితే పారిపోతుంది, సీ లయన్ మీదికి రాగలదు. మగది 300 కిలోలు దాటుతుంది, రాళ్ల మీద మనకంటే వేగంగా కదులుతుంది. సీ లయన్లు ఉండే పాయింట్ లా హోయా రాళ్లను ఊరి కార్పొరేషన్ ఏడాది పొడవునా మూసి ఉంచడం ఊరికే కాదు.

2023లోనూ 2025లోనూ దక్షిణ కాలిఫోర్నియా తీరంలో విషపు నాచు పెరిగింది. అందులోని డోమోయిక్ యాసిడ్ అనే విషం చేపల ద్వారా సీ లయన్ల మెదడుకెక్కింది. తల అదేపనిగా ఊపడం, వణుకు, మూర్ఛ, తూలుతూ నడవడం. అలాంటిది కనిపిస్తే 50 గజాలు కూడా చాలవు, దూరంగా వెళ్లిపోండి. మత్తుగా పడి ఉన్నది మరుక్షణం కరుస్తుంది. వీటి నుంచి కుక్కలకు లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు కూడా సోకవచ్చు కాబట్టి పెంపుడు కుక్కను ఇంట్లోనే ఉంచి రండి.

తిండి పెట్టొద్దు. చపాతీ ముక్క కూడా. ఆకలిగా ఉన్న జీవికి పెట్టకుండా రావడం మనకు మనసొప్పదని నాకు తెలుసు, కానీ మనిషి చేతి తిండికి అలవాటుపడిన జంతువు చివరికి పడవల చుట్టూ, గాలాల చుట్టూ తిరిగి దెబ్బతింటుంది. చట్టం కూడా ఒప్పుకోదు. 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ప్రకారం తిండి పెట్టడం, ముట్టుకోవడం, బెదిరించడం అన్నీ నేరాలే. వేలల్లో జరిమానా, ఏడాది దాకా జైలు. వీసా మీద ఉన్నవాళ్లకు కేసు అంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. డ్రోన్లు కూడా ఎగరేయకండి, నెత్తి మీద ఆ రొద వింటే గుంపు మొత్తం నీళ్లలోకి దూకేస్తుంది.

నిజంగా ఆపదలో ఉంటే

మెడకు వల చుట్టుకుని ఉంటే, గాయం కనిపిస్తుంటే, ఊపిరి కష్టంగా తీస్తుంటే, లేదా పిల్ల చాలాసేపటి నుంచి ఒంటరిగా ఉండి డొక్కలు తేలి ఉంటే, ఫోన్ చేయాలి. నీళ్లలోకి తొయ్యకూడదు, మీద నీళ్లు పోయకూడదు, గుడ్డ కప్పకూడదు. పశ్చిమ తీరం మొత్తానికి నోవా హాట్‌లైన్ 1-866-767-6114. ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకోండి, అక్కడ నిలబడి వెతికే టైమ్ ఉండదు. ఏ బీచ్, దగ్గర్లో ఏ మెట్లు లేదా లైఫ్‌గార్డ్ టవర్, జంతువు ఎంత పొడవు, చెవులున్నాయా లేవా, కదులుతోందా, ఎప్పటి నుంచి అక్కడుంది, ఇవే అడుగుతారు. దూరం నుంచే జూమ్ చేసి ఒక ఫోటో తీసి పెట్టుకోండి. చిల్డ్రన్స్ పూల్ దగ్గరైతే లైఫ్‌గార్డుకూ చెప్పండి. వాళ్లు వచ్చేదాకా మీరు చేయగలిగింది ఒక్కటే. దూరంగా నిలబడి, దగ్గరికి వెళ్లబోయేవాళ్లకు "తల్లి వస్తుందండి, కాస్త ఆగండి" అని చెప్పడం.